కాతళ్‌వాడి నుంచి వెళ్ళిన మొదటి మనియార్డరు

మా కాతళ్‌వాడి పోస్టాఫీసుకి డబ్బు రావడం తెలుసుగాని పోవడం తెలియదు. ఆ సంగతి ఆ గురువారం దాకా నాకూ తెలియదు, పోస్టుమాస్టరుకీ తెలియదు.

పోస్టాఫీసంటే పోస్టుమాస్టరు రఘునాథ్ ఖోత్ ఇంటి అరుగే. అరుగుమీద ఒక బల్ల, దానిమీద ముద్ర, సిరాపెట్టె. ఆ పక్కనే ఆయన దుకాణం సరుకు: కిరోసిన్ పీపాలు, ఉప్పు బస్తా, ఎండు చేపల బుట్ట. ఊళ్ళో సగం పొలం ఆయనదే. అందుకే ముసలివాళ్ళూ పిల్లలూ అందరూ ఆయన్ని భూస్వామి అన్న అర్థంలో ఖోత్ అనే పిలిచేవాళ్ళు. నెలకోసారి మేము ఆడవాళ్ళం ఆ అరుగు కింద వరసగా కూర్చునేవాళ్ళం. బొంబాయి మిల్లుల్లో పనిచేసే మా మగవాళ్ళు పంపిన మనియార్డర్లు ఆయన ఒక్కొక్కటీ చదివి, పేరు పిలిచి, డబ్బిచ్చేవాడు. సంతకం రానివాళ్ళ బొటనవేలు తానే పట్టుకుని సిరాలో ముంచేవాడు. ఆ పట్టుకోవడం నాకు చూస్తేనే ఒళ్ళు మండేది. నేను నాలుగో తరగతి దాకా చదివాను కాబట్టి నా వేలు ఎప్పుడూ ఆయన చేతికి చిక్కలేదు.

జనవరిలో మిల్లుల్లో సమ్మె మొదలైంది. ఫిబ్రవరి నుంచి మనియార్డర్లు ఆగిపోయాయి. మగవాళ్ళలో చాలామంది ఇళ్ళకి వచ్చేశారు. గేట్ల దగ్గర కాపలా కాయడానికి కొందరు అక్కడే ఉండిపోయారు. మా వాడకి చెందిన పదకొండు మంది బొంబాయి లాల్‌బాగ్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళు. వాళ్ళలో నా పెనిమిటి దత్తారామ్ ఒకడు. పదకొండు మందికీ ఆనందీబాయి అనే ఒకావిడ వండిపెట్టేది. ఆవిడది మెస్. మిల్లు మనుషులు ఎంతమంది ఆవిడ చేతి అన్నం తిన్నారో లెక్కలేదు. సమ్మె మొదలయ్యాక పైసా తీసుకోకుండా ఐదు నెలలు అన్నం పెట్టింది.

జూన్ మూడో వారంలో దత్తారామ్ ఉత్తరం వచ్చింది. వాడు ఉత్తరం రాస్తే నాలుగు ముక్కలు మించవు. ఆనందీబాయికి కొట్టువాడు ఇంక బియ్యం ఇవ్వనన్నాడట. నెలాఖరుకి ఆవిడ పొయ్యి ఆరిపోతుందట. ఒకటో తారీఖున మిల్లువాళ్ళు లారీ పంపిస్తున్నారట, పనిలోకి దిగేవాళ్ళని పోలీసుల మధ్య లోపలికి తీసుకెళ్ళడానికి. "ఆకలి మీద ఎవరు ఏం చేస్తారో చెప్పలేను. ఒకటో తారీఖుకి ఏదో ఒకటి తేలిపోతుంది" అని రాశాడు. నా గురించి ఒక్క మాట లేదు. మా పిల్ల గురించీ లేదు.

ఆ ఉత్తరం నేను వాగు దగ్గర మిగతా పదిమంది పెళ్ళాలకీ చదివి వినిపించాను. ఎవరి మొగుడి సంగతి వాళ్ళకి తెలియాలి కదా. అందరూ కాసేపు బట్టలు ఉతకడం మానేశారు. అప్పుడు నేనే అన్నాను, మనమే డబ్బు పంపిద్దామని.

"మనమా?" అంది గంగూ. నా పక్కింటిది, నవ్వు ఎక్కువ. "మనం వాళ్ళకి పంపించడమేంటే, నీకు పిచ్చి పట్టిందా?"

పిచ్చి పట్టలేదు. ఎండాకాలమంతా మేము సర్కారు వారి రోడ్డు పనిలో కంకర కొట్టాం. చేతులు బొబ్బలెక్కి, బొబ్బలు కాయలై, ఆ కాయల మీద మళ్ళీ బొబ్బలెక్కాయి. ఆ కూలి మొన్ననే చేతికొచ్చింది. తలా ముప్పై రూపాయలు తీస్తే మూడు వందల ముప్పై అవుతుంది. ఆనందీబాయి పొయ్యి ఇంకో నెల మండటానికి అది చాలు. ఆ నెల గడిస్తే ఏమవుతుందని మా అత్త అడిగింది. ఆ నెల గడవనీ, తర్వాత సంగతి తర్వాత చూద్దామన్నాను.

డబ్బు పోగయింది. ఇంక ఎలా పంపాలన్నది మిగిలింది. ఒక్కొక్కళ్ళూ ఒక్కో దారి చెప్పారు. ఎండబెట్టిన కోకం పండ్ల తొక్కల మూటలో నోట్లు దాచి బస్సు కండక్టరు చేతికిద్దామంది ఒకామె. వానలకి నది పొంగి బస్సే ఆగిపోయిందని ఆమెకి గుర్తులేదు. మా అత్త ఉత్తరంలోనే నోట్లు మడిచి పెట్టమంది. కిందటేడు గంగూ తన తమ్ముడికి అలాగే పది రూపాయల నోటు మడిచి పెట్టింది. వాడికి ఉత్తరం చేరింది, లోపల నోటు లేదు. "ఆ పది రూపాయలతో ఎవడు చేపలు తిన్నాడో వాడి గొంతులో ముల్లు పడ" అని గంగూ ఇప్పటికీ తిడుతుంది. లక్క ముద్రలు వేసి, బీమా కట్టి పంపే కవర్లు ఉంటాయని నేను విన్నాను. అది తాలూకా పోస్టాఫీసులోనే చేస్తారు. తాలూకా నది అవతల, పొంగిన నదిలో పడవవాడు ఆడవాళ్ళని ఎక్కించుకోడు.

మనియార్డరు ఒక్కటే మాకు తెలిసిన దారి. అందులో నోట్లు ఎక్కడికీ పోవు, కాగితమే పోతుంది. తీసుకున్నవాడు సంతకం పెట్టిన ముక్క మళ్ళీ పంపినవాళ్ళకి తిరిగొస్తుంది. అన్నేళ్ళుగా ఆ ముక్కల మీద సంతకాలు పెట్టినవాళ్ళం, మాకు తెలియదా?

ఈలోగా విషయం ఖోత్ చెవిన పడింది. గురువారం పొద్దున్నే మా గుమ్మంలోకి వచ్చాడు. ఆయన మా గుమ్మం తొక్కడం నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

"శేవంతీ, డబ్బు పంపించాలని తిరుగుతున్నారట కదా. నాతో ఒక మాట చెప్పొద్దూ? మా బావమరిది వసంత్ రేపు పడవలో నది దాటి బొంబాయి వెళ్తున్నాడు. వాడికిస్తే చేతినుంచి చేతికే చేరుతుంది. ఖర్చు కూడా ఉండదు."

ఆ వసంత్ ఎవరో మాకు తెలియదనుకున్నాడు కాబోలు. మిల్లులోకి మనుషుల్ని తోలే ముకాదమ్ వాడు. ఒకటో తారీఖు లారీకి మనుషుల్ని పోగుచేస్తున్నది వాడే. తలకి ఇంతని వాడికి ముడుతుంది, అందులో కొంత ఈయనకీ ముడుతుంది.

"వద్దండి, మనియార్డరు చేస్తాం" అన్నాను.

"ఎందుకే అంత శ్రమ? అయినా నీకు తెలుసో లేదో, మీ దత్తారామ్ తన పేరు ఇచ్చేశాడు. ఒకటో తారీఖు లారీ ఎక్కేవాళ్ళలో వాడిదే మొదటి పేరు. వసంత్ చెప్పాడు. వాడే లోపలికి పోతుంటే ఇంక ఈ డబ్బు దేనికి?"

అబద్ధమని గట్టిగా అనడానికి నా దగ్గర ఏముంది? నాలుగు ముక్కల ఉత్తరం ఉంది, అందులో ఏదో ఒకటి తేలిపోతుందని ఉంది. ఆకలి వేస్తే దత్తారామ్ పసిపిల్లాడైపోతాడు, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు? కానీ ఖోత్ ముందు కళ్ళు తుడుచుకునే రకం కాదు నేను.

"లారీ ఎక్కడానికైనా ఒంట్లో బలం ఉండాలి కదండీ, అన్నం తినే ఎక్కుతాడు లెండి" అన్నాను.

ఆయన వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం నేను డబ్బు కొంగున కట్టుకుని, తలమీద ఆకుల గిడుగు వేసుకుని వానలో పోస్టాఫీసుకి వెళ్ళాను. గురువారం సంచి మూడు గంటలకి కదులుతుంది. దాన్ని మోసే భికాజీ దాదా నదిదాకా నడిచి, పడవలో అవతలికి దాటించి, తాలూకాలో అప్పజెప్తాడు. ఈ సంచి తప్పితే మళ్ళీ సోమవారమే. సోమవారం పంపింది ఒకటో తారీఖుకి బొంబాయి చేరదు.

"మూడు వందలకి మనియార్డరు చెయ్యాలండి" అన్నాను.

ఖోత్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మనియార్డరు ఇక్కడికొస్తుందే. ఇక్కణ్ణుంచి పోదు."

"ఎందుకు పోదు?"

"ఎప్పుడూ పోలేదు కాబట్టి. బొంబాయిలో కడతారు, ఇక్కడ ఇస్తాం. అది పద్ధతి."

ఆయన అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అరుగు చివర కూర్చుని తడిసిన చొక్కా పిండుకుంటున్న భికాజీ దాదా మాత్రం నవ్వాడు.

"ఖోత్‌గారూ, మీకు తాలూకా నుంచి ఒక రసీదు పుస్తకం ఇచ్చారు కదా, మీరు ఉద్యోగంలో చేరినప్పుడు. అది దీనికే."

"నువ్వు మూసుకో. నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు లెండి. ఇరవై రెండేళ్ళుగా ఈ సంచి మోస్తున్నాను. వచ్చేటప్పుడు బరువు, పోయేటప్పుడు తేలిక. ఒక్కసారైనా పోయేటప్పుడు బరువుగా ఉంటే చూద్దామని."

ఖోత్ గొణుక్కుంటూ చెక్కపెట్టె అడుగునుంచి ఆ పుస్తకం తీశాడు. ఒక మూల చెదలు తినేసింది. లోపల ఒక్క కాగితం కూడా చింపలేదు. మొదటి పేజీ మీద ఒకటో నంబరు అలాగే ఉంది. దాని పక్కనే ఖాళీ ఫారాలు, పసుపుపచ్చగా మారిపోయి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

"మొగుడి అనుమతి కాగితం ఉందా?" అన్నాడు.

"మా ఆయన నాకు డబ్బు పంపినప్పుడు నా అనుమతి అడిగారా మీరు?"

భికాజీ దాదా చొక్కాలో ముఖం దాచుకున్నాడు. ఖోత్ ఫారం తీసి కలం అందుకున్నాడు. నేను చెయ్యి చాచాను.

"ఇలా ఇవ్వండి. నేనే రాస్తాను."

అక్కడే నా తల పొగరు నా కొంప ముంచింది. ఆయన చేత రాయించుకోవడం నాకు నామోషీ. ఆ కలం పట్టుకుని, ఎంత గర్వంగా రాశానో, ఒక్కో అక్షరం గుండ్రంగా. డబ్బు, కమిషను కలిపి మూడు వందల పదిహేను ఇచ్చాను. ఆయన ఫారం అందుకుని పెదాలు కదుపుతూ చదివాడు. ఒకచోట ఆగాడు. నావైపు చూశాడు. తర్వాత మెత్తగా నవ్వి, దబ్బున ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చాడు.

"శభాష్. అచ్చు గుమాస్తాలా రాశావు" అన్నాడు.

నేను పొంగిపోయాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ మనిషి మెచ్చుకుంటే పొంగిపోయాను.

మిగతా పదిమంది ఖోత్ పొలం అవతల నారుమడి దగ్గర ఎదురుచూస్తున్నారు. రసీదు చూపించమన్నారు. నేను నారుమడి గట్టుమీద నిలబడి, ఎప్పుడూ మనియార్డరు ముక్కలు చదివినట్టే, గొంతు సవరించుకుని చదివాను.

"మూడు వందల రూపాయలు. చేరవలసినవారు, శేవంతి దత్తారామ్ పాల్కర్, కాతళ్‌వాడి."

నాకంటే గంగూకి ముందు తట్టింది.

"అదేంటే, మళ్ళీ నీకే వస్తుందా?"

పెళ్ళయిన నాటినుంచి ఆ గీత మీద నా పేరే చూశాను. పంపేవాడి చోట వాడి పేరు, తీసుకునేదాని చోట నా పేరు. చెయ్యి దానంతట అదే రాసేసింది. మా ఊరి ఆడవాళ్ళు ఎవరు రాసినా అలాగే రాసి ఉండేవాళ్ళు, తమ పేరు ఇంకో చోట చూసి ఉంటేగా. కానీ ఖోత్ చూశాడు. చూసే నవ్వాడు, చూసే ముద్ర వేశాడు. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. గిడుగు అక్కడే పారేసి పరిగెత్తాను. వెనక ఎవరు వస్తున్నారో కూడా చూసుకోలేదు.

నేను వెళ్ళేసరికి భికాజీ దాదా సంచి మూతి తాడుతో కట్టబోతున్నాడు.

"ఆగు దాదా" అన్నాను. "ఖోత్‌గారూ, ఫారం తప్పు పడింది. పేర్లు తారుమారయ్యాయి. ఇటివ్వండి, దిద్దుతాను."

"ముద్ర పడ్డాక దిద్దకూడదే. పద్ధతి ఒప్పుకోదు."

"మీకు ముందే తెలుసు."

"నాకేం తెలుస్తుంది? నేనే రాస్తాను అన్నావు, రాశావు. రాసినదానికి ముద్ర వేయడం నా పని." కుర్చీలో వెనక్కి వాలాడు. "అయినా దిద్దాలంటే పంపినవాడే వచ్చి దిద్దాలి. పంపినవాడెవడు ఇందులో? దత్తారామ్. పోయి పిలుచుకురా మీ దత్తారామ్‌ని."

"పంపింది నేను. డబ్బు నా కొంగులోంచి తీసిచ్చాను. మీ ఎదురుగా."

"కాగితం అలా చెప్పట్లేదే మరి. ఏం ఫర్వాలేదు, డబ్బు ఎక్కడికీ పోదు. తాలూకా దాకా పోయి, తిరిగి నీ దగ్గరికే వస్తుంది. ఓ వారం పట్టొచ్చు. వచ్చేటప్పటికి ఒకటో తారీఖు దాటిపోతుంది, అంతే."

ఆ 'అంతే' అనడంలో ఎంత హాయి ఉందో ఆయన గొంతులో. పదిమంది ఆడవాళ్ళ కంకర కూలి అది. వాళ్ళు నన్ను నమ్మి ఇచ్చారు, చదువుకున్నదాన్నని. నా చదువే వాళ్ళని ముంచింది. అరుగు స్తంభం పట్టుకుని నిలబడ్డాను. నేను గబుక్కున సంచి మీద కూర్చుంటే ఏమవుతుందా అని కూడా అనుకున్నాను. భికాజీ దాదా నావైపు చూస్తున్నాడు. ఆయన చేతిలో తాడు అలాగే ఉంది, ముడి వేయడం లేదు. ముడి వేయనంతసేపూ ఆ కాగితం ఈ అరుగు మీదే ఉన్నట్టు.

అప్పుడు తట్టింది నాకు.

"సరేనండి" అన్నాను. "కాగితం చెప్పినట్టే చేద్దాం. అందులో డబ్బు ఎవరికి ఇవ్వాలని ఉంది?"

"నీకు."

"ఏ ఊళ్ళో?"

ఖోత్ సిరాపెట్టె మూత మూశాడు.

"కాతళ్‌వాడిలో. ఇదే కాతళ్‌వాడి పోస్టాఫీసు. నేనే శేవంతిని. నా మనియార్డరు వచ్చింది, ఇచ్చేయండి."

"వెర్రిదానా, అలా ఇవ్వడం కుదరదు. తాలూకాకి వెళ్ళి రావాలి."

"ఎందుకు? నా మనియార్డరు ఎప్పుడైనా తాలూకాకి వెళ్ళి తెచ్చుకున్నానా నేను? మీరు పేరు పిలుస్తారు, నేను సంతకం పెడతాను, మీరు డబ్బిస్తారు. పిలవండి పేరు."

భికాజీ దాదా సంచిలో చెయ్యి పెట్టి ఆ ఫారం తీసి బల్లమీద పెట్టాడు.

"ఖోత్‌గారూ, ఇంకో సంగతి" అన్నాడు, చాలా మర్యాదగా. "ఈ కాగితం తాలూకాకి తీసుకెళ్తే అక్కడ అందరూ నవ్వుతారు. కాతళ్‌వాడిలో కట్టి కాతళ్‌వాడిలో ఇమ్మన్న మనియార్డరుకి పోస్టుమాస్టరు కళ్ళు మూసుకుని ముద్ర వేశాడంటారు. ఇన్స్పెక్టరు చూడ్డానికి వస్తాడు. వస్తే ఊరికే కూర్చోడు కదా. పోస్టాఫీసులో ఈ పీపాలేమిటి, ఈ చేపల బుట్టేమిటి అంటాడు. నాకెందుకులెండి, నేను సంచి మోసేవాణ్ణి."

ఖోత్ ముఖం నల్లబడింది. అప్పటికే వాకిట్లో చప్పుడైంది. వెనక్కి తిరిగి చూస్తే గంగూ, దాని వెనక మిగతావాళ్ళు, గిడుగులతో, మోకాళ్ళదాకా బురదతో. మా అత్త కూడా వచ్చింది, నడవలేని మనిషి. ఎవరూ అరవలేదు. మనియార్డర్ల రోజున కూర్చున్నట్టే అరుగు కింద వరసగా, వానలోనే కూర్చున్నారు.

"ఇంకెవరికైనా పేరు పిలవాలా ఖోత్‌గారూ?" అంది గంగూ.

"మీరంతా ఎందుకొచ్చారే?"

"శేవంతి డబ్బు తీసుకుంటుంటే సాక్షి కావాలి కదండీ. వేలిముద్ర వేసేవాళ్ళకి సాక్షి కావాలని మీరే అంటారు."

"అది సంతకం పెడుతుంది, దానికి సాక్షి అక్కర్లేదు."

"అయితే ఊరికే చూస్తాం" అంది మా అత్త.

ఖోత్ కాసేపు వానని చూశాడు, కాసేపు పీపాల్ని చూశాడు. చివరికి ఫారం ముందుకు జరిపాడు. పేరు మాత్రం పిలవలేదు. నేను పిలవందే సంతకం పెట్టనన్నాను.

"శేవంతి దత్తారామ్ పాల్కర్" అన్నాడు, నేలచూపులు చూస్తూ.

"ఉన్నానండి" అన్నాను.

సంతకం పెట్టి మూడు వందలూ తీసుకున్నాను. తీసుకుని, అదే చేత్తో మళ్ళీ ఆయన ముందు పెట్టాను. కమిషనుకి నా దగ్గర పదిహేను మిగిలే ఉన్నాయి. ముప్పై చొప్పున వసూలు చేసినప్పుడు, పైన ఎంతవుతుందో తెలియక ఎక్కువే తీసుకున్నాను.

"ఇంకో ఫారం" అన్నాను.

ఈసారి రాసే ముందు వేలు పెట్టి చూసుకున్నాను. చేరవలసినవారు: దత్తారామ్ పాల్కర్, ఆనందీబాయి మెస్, లాల్‌బాగ్. పంపినవారు: శేవంతి. నా పేరు ఆ గీత మీద ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాను. కొత్త చోటు కదా. ఇల్లు మారినట్టు ఉంది.

అడుగున ముక్కలో నాలుగు మాటలు రాసుకోవడానికి చోటుంటుంది. అన్నేళ్ళుగా ఆ చోట వచ్చిన మాటలు నాకు కంఠతా వచ్చు. క్షేమం. పిల్లని బడికి పంపు. అమ్మని చూసుకో. ఎవరితో తగువు పెట్టుకోకు. ఆ ఆఖరి మాట ప్రతిసారీ ఉండేది, నా సంగతి తెలుసు కాబట్టి.

నేను ఇలా రాశాను: "పదకొండు మందికీ అన్నానికి. కంకర కొట్టిన డబ్బు. గేటు దాటితే ఇంటికి రావద్దు."

ఖోత్ చదివి తలెత్తాడు.

"ఇది క్షేమసమాచారం కాదు. సమ్మె మాటలు రాయకూడదు."

"ఇది నా మొగుడికి నేను చెప్పుకునే మాట. రావద్దంటే రావద్దని. ఇందులో సమ్మె ఎక్కడుంది?"

"మొగుణ్ణి ఇంటికి రావద్దంటావా? వాడు నిజంగానే రాకపోతే ఏం చేస్తావే?"

రాసేటప్పుడు కోపంలో రాశాను. కానీ వెనక పదిమంది వింటున్నారు. ఆ మాట వాళ్ళ మొగుళ్ళకీ పోతుంది. ఎవరైనా కొట్టెయ్యమంటే కొట్టేసేదాన్నే. నేను వెనక్కి తిరిగి గట్టిగా చదివి వినిపించాను, ఎవరికి ఇష్టం లేకపోయినా చెప్పమన్నాను. మా అత్త కన్నకొడుకు వాడు. ఆమె వైపే చూశాను.

"ముద్ర వెయ్యమను" అంది మా అత్త. "వాన పెరుగుతోంది. భికాజీకి ఆలస్యం అవుతుంది."

ఖోత్ ముద్ర వేశాడు. రెండో నంబరు రసీదు చింపి ఇచ్చాడు. నేను దాన్ని అక్కడే నిలబడి అక్షరం అక్షరం చదివాకే కొంగున ముడేసుకున్నాను. భికాజీ దాదా సంచి భుజానికెత్తుకుని, ఒకసారి బరువు చూసుకున్నట్టు ఎగరేశాడు. కాగితం ముక్కకి బరువేముంటుంది? అయినా "ఆ, ఉంది" అన్నాడు. మేము నదిదాకా ఆయన వెంట నడిచాం. పడవ అవతలి ఒడ్డు తాకాక వెనక్కి తిరిగాం.

తర్వాత పదహారు రోజులు ఏ కబురూ లేదు. ఒకటో తారీఖు వచ్చింది, పోయింది. ఖోత్ బావమరిది వసంత్ బొంబాయిలోనే ఉన్నాడు, రాలేదు. ఊళ్ళో రకరకాలుగా చెప్పుకున్నారు. లారీలో ముప్పై మంది ఎక్కారన్నారు. మన వాడవాళ్ళు కూడా ఉన్నారన్నారు. నాట్లు వేస్తూ పదకొండు మందిమీ ఆ మాట ఎత్తలేదు. నాకు మాత్రం ప్రతి రాత్రీ ఆ ఆఖరి మాట గుర్తొచ్చేది. వాడు లారీ ఎక్కి ఉంటే ఇంక ఈ గుమ్మం తొక్కడు. నా మాట మీద నేను నిలబడాలి. నిలబడతానా? పిల్ల నిద్రలో వాడి పేరు పలికితే నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

జూలై పదో తారీఖున భికాజీ దాదా సంచి దించి, ఖోత్ ఎదుటే నన్ను అరుగు దగ్గరికి పిలిచాడు. ఖోత్ ఉత్తరాలు వేరుచేస్తూ ఒక చిన్న కాగితం ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. మనియార్డరు అందినట్టు తిరిగొచ్చే ముక్క అది. అందులో సంతకానికి ఒక్క గీత ఉంటుంది.

ఆ గీత మీద దత్తారామ్ పాల్కర్ అని ఉంది. పక్కన తారీఖు, జూలై రెండు. దాని కింద చోటు లేకపోయినా ఇరికించి బాబన్ గురవ్ అని ఉంది. పక్కన అడ్డంగా గంగూ మొగుడి పేరు. అంచు వెంబడి, ముద్ర మీద, వెనక వైపు, ఎక్కడ వేలెడు చోటుంటే అక్కడ పేర్లు, వేలిముద్రలు. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. పదకొండు. పన్నెండోది ఒక వేలిముద్ర, పసుపు రంగులో ఉంది. అది ఆనందీబాయిది అయి ఉంటుంది, వంటింట్లోంచి వచ్చి వేసి ఉంటుంది.

డబ్బు చేరింది లారీ వచ్చిన మర్నాడు. అయినా రెండో తారీఖున పదకొండు మందీ ఆ మెస్‌లోనే ఉన్నారు. ఒక్కడు కూడా లోపలికి పోలేదు.

నేను ఆ అరుగుమీదే కూలబడి ఏడ్చాను. ఖోత్ చూస్తాడని కూడా అనుకోలేదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ ముక్కనే చూస్తూ విసుగ్గా అన్నాడు.

"కాగితమంతా ఖరాబు చేశారు. ఒక్క సంతకం చాలు కదే."

"నాకు చాలదు" అన్నాను.